ఆఖరి ఐపీ అడ్రసుల పంపకం: ఎవరికెంత అన్నది కాదు, ఎవరిని ఒకరిగా లెక్కించాలన్నదే చిక్కు

క్లుప్తంగా

ఇంటర్నెట్‌లో యంత్రాలను గుర్తించే పాత తరం నంబర్లు ఐపీవీ4 అడ్రసులు. వాటి కేంద్ర నిల్వ 2011 ఫిబ్రవరి 3న ఖాళీ అయింది. ఆ తర్వాత, ప్రపంచంలో ఒక్కో ప్రాంతానికి అడ్రసులు పంచే ఐదు ప్రాంతీయ రిజిస్ట్రీలు తమ దగ్గర మిగిలిన అడ్రసులను తలో పద్ధతిలో పంచాయి. అవసరం చూపినవారికి చూపినంత ఇచ్చుకుంటూ పోయిన చోట నిల్వ త్వరగా కరిగిపోయింది. తలా ఒక చిన్న వాటా అని కట్టడి చేసిన చోట కొత్తవాళ్లకు ఏళ్ల తరబడి అందింది. అయితే అడ్రసుకు బజారులో ధర పలకడం మొదలయ్యాక, వాటా కోసమే రిజిస్ట్రీల్లో సభ్యత్వాలు పుట్టుకొచ్చాయి. సమాన వాటా పద్ధతికి అసలు పరీక్ష అక్కడే ఎదురైంది.

430 కోట్లు ఎలా చాలకుండా పోయాయి

ఇంటర్నెట్‌లో ఒక యంత్రం మరో యంత్రానికి ఏదైనా పంపాలంటే రెండింటికీ నంబరు ఉండాలి. అదే ఐపీ అడ్రసు. 1981లో ఖరారైన ఐపీవీ4లో ఈ నంబరు పొడవు 32 బిట్లు. వాటితో 4,29,49,67,296 నంబర్లు వస్తాయి, అంతకు ఒక్కటి కూడా ఎక్కువ రాదు. సొంత నెట్‌వర్కుల్లో వాడుకోవడానికి, ఇతర ప్రత్యేక పనులకు పక్కన పెట్టినవి పోగా బయటి ఇంటర్నెట్‌లో పనికొచ్చేవి సుమారు 370 కోట్లు.

మొదట్లో వీటిని మూడే కొలతల్లో ఇచ్చేవారు: సుమారు 250, 65 వేలు, 1.67 కోట్లు. వెయ్యి కావాలన్నవాళ్లకు సరిపోయే మధ్యస్థ కొలత 1993 దాకా లేదు. ఎంఐటీ, ఫోర్డ్, ఆపిల్, జనరల్ ఎలక్ట్రిక్ వంటివాటికి తలా 1.67 కోట్ల అడ్రసులు అలా వెళ్లాయి. ఇందులో మోసం లేదు. ఇంటర్నెట్ ఇంటింటికీ వస్తుందని ఆనాడు ఎవరూ ఊహించలేదు, అంతే. కానీ ఆ పంపకం ఫలితం మాత్రం నేటికీ అలాగే ఉంది. అమెరికా ఒక్కదాని పేరిట సుమారు 160 కోట్ల అడ్రసులుంటే, 140 కోట్లకు పైగా జనమున్న ఆఫ్రికా ఖండం మొత్తానికి ఉన్నవి సుమారు 12 కోట్లు.

అడ్రసులు పై నుంచి కిందికి మెట్లుమెట్లుగా వస్తాయి. పైన కేంద్ర నిల్వను చూసుకునే ఐయానా, దాని కింద ఐదు ప్రాంతీయ రిజిస్ట్రీలు. ఆసియా పసిఫిక్‌కు ఏపీనిక్, యూరప్‌కు, పశ్చిమాసియాకు, మధ్య ఆసియాకు రైప్ ఎన్‌సీసీ, ఉత్తర అమెరికాకు ఆరిన్, లాటిన్ అమెరికాకు లాక్‌నిక్, ఆఫ్రికాకు ఆఫ్రినిక్. వాటి కింద ఇంటర్నెట్ సర్వీసు సంస్థలు, వాటి కింద వాడకందారులు. 2011 జనవరి 31న ఏపీనిక్ రెండు పెద్ద బ్లాకులు తీసుకోవడంతో ఐయానా దగ్గర ఐదే మిగిలాయి. చివరి ఐదూ తలా ఒకటి అని ముందే ఒప్పందం ఉంది కాబట్టి మూడు రోజుల తర్వాత ఒక్కో రిజిస్ట్రీకి ఒక్కో బ్లాకు అందించి ఖాతా మూసేశారు.

బ్లాకుల కొలతను ‘స్లాష్’తో చెబుతారు. స్లాష్ 8 అంటే 1,67,77,216 అడ్రసులు. స్లాష్ తర్వాతి అంకె ఒకటి పెరిగిన కొద్దీ బ్లాకు సగమవుతుంది. స్లాష్ 22 అంటే 1,024, స్లాష్ 23 అంటే 512, స్లాష్ 24 అంటే 256.

అవసరాన్ని బట్టి ఇస్తే అన్యాయం ఎలా అవుతుంది

నిల్వ నిండుగా ఉన్నన్నాళ్లూ రిజిస్ట్రీలన్నీ పాటించిన సూత్రం ఒకటే: అవసరం చూపించు, తీసుకెళ్లు. తీసుకున్నదాంట్లో 80 శాతం వాడినట్టు లెక్క చూపిస్తే మళ్లీ ఇస్తారు. ఊరికే దాచిపెట్టుకునేవాళ్లకు అందకుండా, నిజంగా నెట్‌వర్కు పెంచుకునేవాళ్లకు అందేలా ఈ పద్ధతి చాలాకాలం బాగానే పనిచేసింది.

నిల్వ అడుగంటినప్పుడు ఇదే సూత్రం ఎదురు తిరుగుతుంది. 2010లో ఆసియా పసిఫిక్ ప్రాంతంలో సుమారు 12 కోట్ల అడ్రసులు పంపిణీ అయ్యాయి. అదే జోరులో ఇస్తే చివరి స్లాష్ 8 బ్లాకు, అంటే 1.67 కోట్లు, సుమారు 50 రోజుల్లో అయిపోయేది. ఎవరూ అబద్ధం చెప్పనక్కర్లేదు. కోట్లమంది చందాదారులున్న ఒకటి రెండు టెలికాం సంస్థలు తమ నిజమైన అవసరాన్ని నిజాయితీగా చూపించినా మొత్తం వాళ్లకే సరిపోదు. 51వ రోజున మొదలయ్యే చిన్న సంస్థకు ఒక్క అడ్రసూ మిగలదు.

అందుకే ఇక్కడ న్యాయం అన్న మాటకు అర్థం మారుతుంది. ఇవాళ వరుసలో నిలబడ్డవాళ్ల మధ్య ఎవరికెంత అన్నది ఒక లెక్క. ఇవాళ లేనివాళ్లకు, ఐదారేళ్ల తర్వాత రాబోయేవాళ్లకు ఎంత మిగల్చాలన్నది మరో లెక్క. రెండో లెక్కలో ఉన్నవాళ్లు సమావేశానికి రాలేరు, ఓటేయలేరు. వాళ్ల తరఫున మాట్లాడేది ముందే రాసిపెట్టుకున్న నిబంధన ఒక్కటే.

ఏపీనిక్ సభ్యులు, అంటే దాని నుంచి అడ్రసులు తీసుకునే సంస్థలు, ఆ నిబంధనను కరువు రాకముందే రాసుకున్నారు. చివరి స్లాష్ 8 బ్లాకు మొదలైన రోజు నుంచి ఒక్కో సభ్యుడికి, ఎంత పెద్దవాడైనా ఎంత చిన్నవాడైనా, గరిష్ఠంగా 1,024 అడ్రసులే. 2011 ఏప్రిల్ 15న అది అమల్లోకి వచ్చింది. ఆ బ్లాకులో 1,024 చొప్పున 16,384 వాటాలున్నాయి. 2019లో వాటాను 512కు తగ్గించారు. 50 రోజుల్లో ఆవిరయ్యే నిల్వ పదేళ్లు దాటినా కొత్త సభ్యులకు అందుతూ వచ్చింది. పంపకం పద్ధతి మారితే ఎంత తేడా వస్తుందో ఈ ఒక్క ఉదాహరణ చూస్తే చాలు.

1,024 అడ్రసులు ఏ మూలకు?

కోటిమంది చందాదారులున్న సంస్థకు 1,024 అడ్రసులు నిజంగానే ఏ మూలకూ చాలవు. కానీ కొత్తగా మొదలుపెట్టే సంస్థకు అవి ప్రాణాధారం. ఎందుకో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది.

ఒక్కో ఐపీ అడ్రసుకు 65,536 పోర్టులుంటాయి. అడ్రసును భవనం అనుకుంటే పోర్టులు అందులోని గది నంబర్లు. మొదటి 1,024ను సాధారణంగా ముట్టుకోరు. మిగిలిన 64,512 పోర్టులను 64 మంది చందాదారులకు పంచితే ఒక్కొక్కరికి 1,008 వస్తాయి. ఒక వెబ్ పేజీ తెరిస్తే పదుల సంఖ్యలో కనెక్షన్లు పుడతాయి కాబట్టి ఒక ఇంటికి వెయ్యి పోర్టులు మామూలు వాడకానికి సరిపోతాయి. ఇలా ఒకే అడ్రసును చాలామంది పంచుకోవడాన్ని క్యారియర్ గ్రేడ్ న్యాట్ అంటారు. ఈ లెక్కన 1,024 అడ్రసులతో 65,536 ఇళ్లకు కనెక్షన్ ఇవ్వవచ్చు. 256 అడ్రసులే దొరికినా 16,384 ఇళ్లు.

దీనికి మూల్యం లేకపోలేదు. ఆ 64 ఇళ్లలో ఒక్కరు స్పామ్ పంపితే అడ్రసు బ్లాక్‌లిస్టులోకి వెళ్లి మిగతా 63 ఇళ్లూ ఇబ్బంది పడతాయి. ఇంట్లో సొంత సర్వర్ నడపడం కుదరదు. కొన్ని ఆన్‌లైన్ ఆటలు మొరాయిస్తాయి. నేరం జరిగి దర్యాప్తు మొదలైతే అడ్రసు ఒక్కటే తెలిస్తే చాలదు, ఏ పోర్టు, ఏ క్షణం అన్నది కూడా కావాలి. అందుకోసం ఏ పోర్టును ఎవరు ఎప్పుడు వాడారో రాసి ఉండే లాగ్‌లను సంస్థ రోజూ గుట్టలకొద్దీ దాచాలి. కొత్త సంస్థకు ఈ భారం మొదటి రోజు నుంచే ఉంటుంది. పాతికేళ్ల కిందట కావలసినన్ని అడ్రసులు తెచ్చుకున్న సంస్థకు అంత ఉండదు. సమాన వాటా ఈ తేడాను చెరపలేదు, కొత్తవాళ్లకు తలుపు మూసుకుపోకుండా మాత్రమే చూస్తుంది.

ఐదు ప్రాంతాలు, ఐదు దారులు

రైప్ ఎన్‌సీసీ కూడా ఏపీనిక్ బాటలోనే నడిచింది. 2012 సెప్టెంబరు 14న చివరి స్లాష్ 8 బ్లాకుకు చేరి, సభ్యుడికి 1,024 చొప్పున ఇవ్వడం మొదలుపెట్టింది. ఏడేళ్లు నెట్టుకొచ్చి 2019 నవంబరు 25న చేతులెత్తేసింది. ఆ తర్వాత మిగిలింది వెయిటింగ్ లిస్టు. మూతపడిన సంస్థల నుంచి వెనక్కి వచ్చిన అడ్రసులను, అంతకుముందు రైప్ నుంచి ఎప్పుడూ ఐపీవీ4 అందుకోనివారికి మాత్రమే, 256 చొప్పున ఇస్తారు.

ఆరిన్ దారి వేరు. అక్కడ సాధారణ నిల్వకు సమాన వాటా పెట్టలేదు. చివరిదాకా అవసరమే కొలమానం. 2014 ఏప్రిల్‌లో ఒకే సంస్థకు ఒకే విడతలో 41.9 లక్షల అడ్రసులు వెళ్లాయి. ఆ నెలలోనే ఆరిన్ తన చివరి స్లాష్ 8 పరిమాణానికి చేరి, 17 నెలల్లో, 2015 సెప్టెంబరు 24న, ఖాళీ చేసింది. అయితే ఆరిన్ ఒక మంచి పని చేసింది: స్లాష్ 10 పరిమాణం గల మరో బ్లాకును, అంటే దాదాపు 42 లక్షల అడ్రసులను, కొరత లేని కొత్త తరం అడ్రసులకు, అంటే ఐపీవీ6కు, మారేవారి కోసమే విడిగా కట్టిపెట్టింది. అందులోంచి 256కు మించకుండా, ఐపీవీ6 పనికే అని చూపిస్తేనే ఇస్తుంది. వాటా పరిమాణాన్ని కాదు, వాడకాన్ని కట్టడి చేసే పద్ధతి ఇది.

లాక్‌నిక్ మెట్లు కట్టుకుంది. 2014 జూన్ 10న దాదాపు 42 లక్షల అడ్రసులు మిగిలినప్పుడు కట్టడి మొదలైంది. అందులో సగం ఎవరికైనా గరిష్ఠంగా 1,024 చొప్పున, మళ్లీ అడగాలంటే ఆరు నెలలు ఆగాలి. 2017 ఫిబ్రవరి 15 నుంచి మిగతా సగం అంతకుముందు ఏమీ అందుకోని కొత్తవాళ్లకే. అదీ 2020 ఆగస్టు 19తో ముగిసింది. ఉన్నవాళ్లకు సర్దుకునే వ్యవధి ఇచ్చి, ఆ తర్వాత తలుపు కొత్తవాళ్లకే తెరిచి ఉంచడం ఇందులోని తెలివి. నాలుగైదు పద్ధతుల్లో ఇదే ఎక్కువ ఆలోచించి కట్టినదిగా కనిపిస్తుంది.

ఆఫ్రినిక్ చివరగా ఈ దశకు చేరింది. 2017లో మొదలైన తొలి దశలో ఒక విడతకు గరిష్ఠంగా 5,24,288 అడ్రసులు ఇచ్చేవారు. కరువు కాలానికి ఇది చాలా పెద్ద ముద్ద. 2020 జనవరి 13 నుంచి రెండో దశలో 1,024కు కుదించారు. అప్పటికి తొలి దశ వదులుగా ఉన్నందువల్ల చాలా భాగం ఖర్చయిపోయింది.

తలా ఒకటి అంటే, తల అంటే ఎవరు?

తలా ఒక వాటా అన్న మాట వినడానికి తేలిక. మనుషులకైతే లెక్క కుదురుతుంది, ఒక మనిషికి ఒకే తల. సంస్థలకు అలా కాదు. ఒక మనిషి పది సంస్థలు రిజిస్టర్ చేయవచ్చు. సమాన వాటా పద్ధతికి ఇదే బలహీనమైన కీలు.

రైప్ ప్రాంతంలో జరిగింది చూస్తే ఇది స్పష్టమవుతుంది. అక్కడ ఒక దశలో కొత్త సభ్యత్వ ఖాతాకు చేరిక రుసుము 2,000 యూరోలు, ఏడాది చందా 1,400 యూరోలు. ఖాతా తెరిస్తే 1,024 అడ్రసులు వచ్చేవి. అంటే మొదటి ఏడాది ఖర్చు 3,400 యూరోలు, అడ్రసుకు సుమారు 3.3 యూరోలు. బజారులో అదే అడ్రసు అంతకు కొన్ని రెట్లు పలికేది. ఒకే సంస్థ రెండు మూడు ఖాతాలు తెరవడానికి నిబంధనలే ఒప్పుకున్నాయి. ఫలితంగా ఆ ఏడేళ్లలో ఖాతాల సంఖ్య రెట్టింపు దాటింది. అందులో నిజంగా కొత్త నెట్‌వర్కులు కట్టినవాళ్లూ ఉన్నారు, వాటా తీసుకుని అమ్ముకోవడానికే వచ్చినవాళ్లూ ఉన్నారు.

2015లో దీనికి ఒక తాళం వేశారు: వాటా తీసుకున్న 24 నెలల దాకా బదిలీ చేయకూడదు. లెక్క వేస్తే దాని బలం ఎంతో తెలుస్తుంది. రెండేళ్లు ఖాతా నిలుపుకోవడానికి 2,000 యూరోలు, రెండు చందాలు కలిపి 4,800 యూరోలు. అడ్రసుకు సుమారు 4.7 యూరోలు. 2019 నాటికి బజారు ధర 20 డాలర్ల చుట్టుపక్కల ఉంది. రెండేళ్లు ఆగితే నాలుగింతలు వస్తుందంటే ఆగడానికి సిద్ధపడేవాళ్లు ఉంటారు. తాళం అమ్మకాన్ని ఆలస్యం చేసింది, ఆపలేదు. ఏపీనిక్ తన చివరి బ్లాకు అడ్రసులకు ఐదేళ్ల తాళం వేసింది. ఆరిన్ వెయిటింగ్ లిస్టు అడ్రసులకు 60 నెలలు. గడువు పెరిగే కొద్దీ ధర పడిపోతుందేమోనన్న భయం కూడా పెరుగుతుంది కాబట్టి, వ్యాపారానికే వచ్చేవాళ్లు తగ్గుతారు.

రూలును వాడుకోవడం ఒక ఎత్తు, పచ్చి మోసం మరో ఎత్తు. అమెరికాలోని సౌత్ కరోలినాలో ఒక వ్యాపారి కల్పిత కంపెనీలు సృష్టించి, లేని అధికారుల పేర్లతో పత్రాలు పెట్టి ఆరిన్ నుంచి సుమారు 7.5 లక్షల అడ్రసులు సంపాదించాడు. 2019లో అది బయటపడింది, 2021లో కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. ఆఫ్రికాలో జరిగింది ఇంకా దారుణం. రిజిస్ట్రీ లోపలి రికార్డులే తారుమారయ్యాయి. ఎవరికీ ఇంకా ఇవ్వని నిల్వలోంచే 23,71,584 అడ్రసులు పక్కదారి పట్టినట్టు ఆఫ్రినిక్ తన పరిశీలనలో తేల్చింది. 1,024 చొప్పున అవి 2,316 వాటాలు. అంటే 2,316 కొత్త సంస్థల నోటికాడి కూడు. అడ్రసులు అతి తక్కువ ఉన్న ఖండంలో ఇది జరగడం బాధ కలిగించే విషయం.

దాని వెంటే మరో వివాదం ముదిరింది. 60 లక్షలకు పైగా అడ్రసులున్న ఒక సభ్య సంస్థ వాటిని ఆఫ్రికా బయట వాడుతోందంటూ, ఒప్పందం ప్రకారం వెనక్కి తీసుకుంటామని ఆఫ్రినిక్ నోటీసు ఇచ్చింది. సంస్థ కోర్టుకెక్కింది. 2021లో, ఆఫ్రినిక్ కార్యాలయం ఉన్న మారిషస్‌లో కోర్టు ఆదేశంతో దాని బ్యాంకు ఖాతాలు కొంతకాలం స్తంభించాయి. 2023 నాటికి పాలకవర్గమే లేక, వ్యవహారాలు చూడటానికి కోర్టు ఒక రిసీవర్‌ను నియమించాల్సి వచ్చింది. ఈ గొడవ అడుగున ఉన్న ప్రశ్న ఒక్కటే: అడ్రసు సొంత ఆస్తా, లేక షరతులతో ఇచ్చిన వాడుక హక్కా? పంచినప్పుడు ఇచ్చింది వాడుక హక్కేనన్నది రిజిస్ట్రీల మాట. కొన్నవాళ్లు మాత్రం డబ్బు పోసి కొన్నది ఆస్తేనంటారు.

256 కంటే చిన్న ముక్కలు ఎందుకు చేయరు

నిల్వ ఇంకా సాగాలంటే 64 చొప్పునో 16 చొప్పునో ఇవ్వొచ్చు కదా అన్న సందేహం సహజం. అడ్డు, ఇంటర్నెట్‌లో దారి చూపే యంత్రాలైన రౌటర్లలో ఉంది. ఏ బ్లాకు ఏ దిక్కున ఉందో చెప్పే పట్టికను ఇంటర్నెట్ వెన్నెముకలోని ప్రతి రౌటరూ జ్ఞాపకంలో మోయాలి. ముక్కలు పెరిగితే పట్టిక పెరుగుతుంది. 2014 ఆగస్టు 12న ఈ పట్టిక 5,12,000 వరుసలు దాటగానే, అంతకు మించి పట్టని పాత రౌటర్లు తడబడి చాలాచోట్ల ఇంటర్నెట్ కుంటుపడింది. ఇప్పుడు వరుసలు దాదాపు 10 లక్షలు. 256 కంటే చిన్న బ్లాకు ప్రకటిస్తే చాలా నెట్‌వర్కులు దాన్ని వడపోసి పారేస్తాయి. కాబట్టి ఇచ్చినా అది ప్రపంచమంతా చేరదు. వాటా ఎంత కుదించినా 256 దగ్గర ఆగక తప్పదు.

పక్కన పెట్టిన ‘భవిష్యత్తు వాడకం’ అడ్రసులు 26.8 కోట్లు ఉన్నాయి, వాటిని తీయవచ్చు కదా అన్నది మరో ప్రశ్న. పాత పరికరాలు, సాఫ్ట్‌వేర్లు చాలావరకు వాటిని చెల్లని అడ్రసులుగా తిరస్కరిస్తాయి. పైగా 2010లో ప్రపంచమంతా కలిపి సుమారు 25 కోట్లు పంపిణీ అయ్యాయి. ఆ జోరు లెక్కన అవి ఒక్క ఏడాది వాడకం.

బజారుకే వదిలేస్తే?

అవసరమున్నవాడు కొనుక్కుంటాడు, అక్కర్లేనివాడు అమ్ముకుంటాడు, రేషన్ ఎందుకన్న వాదన బలమైనదే. బజారు వచ్చాక నిద్రపోతున్న బ్లాకులు నిజంగానే కదిలాయి. 2011లో దివాలా తీసిన నార్టెల్ నుంచి మైక్రోసాఫ్ట్ 6,66,624 అడ్రసులను 75 లక్షల డాలర్లకు కొంది, అడ్రసుకు 11.25 డాలర్లు. 2017లో ఎంఐటీ తన బ్లాకులో పెద్ద భాగాన్ని అమ్మకానికి పెట్టింది. ధర 2021 నాటికి 50 డాలర్లకు చేరి తర్వాత తగ్గుముఖం పట్టింది. 2024 ఫిబ్రవరి నుంచి అమెజాన్ క్లౌడ్ ఒక్కో పబ్లిక్ ఐపీవీ4 అడ్రసుకు గంటకు 0.005 డాలర్లు, అంటే ఏడాదికి సుమారు 44 డాలర్లు వసూలు చేస్తోంది.

కానీ బజారు చూసేది కొనే శక్తిని. 30 డాలర్ల ధర దగ్గర 1,024 అడ్రసులకు 30 వేల డాలర్లు పైన అవుతాయి. పెద్ద క్లౌడ్ సంస్థకు అది లెక్కలోకి రాదు, చిన్న పట్టణంలో కేబుల్ లాగి కనెక్షన్లు ఇవ్వాలనుకునే సంస్థకు అది పెట్టుబడిలో పెద్ద ముక్క. మొదట ఉచితంగా పొందినవారు అమ్మేవారు, ఆలస్యంగా వచ్చినవారు కొనేవారు. డబ్బు పారే దిక్కు అదే. అందుకే రేషనూ బజారూ ఒకదానికొకటి ప్రత్యామ్నాయం కాదు. పెరగడానికి కావలసినవి బజారులో కొనుక్కోవచ్చు, ప్రవేశానికి కావలసినవి మాత్రం రేషన్‌లో దొరకాలి.

ఐపీవీ6 వస్తే ఈ కొట్లాట పోతుందా

ఐపీవీ6లో అడ్రసు పొడవు 128 బిట్లు, కొరత అన్న మాటే ఉండదు. మొదటి నిర్దేశం 1995లోనే వెలువడింది. ఇబ్బందల్లా రెండింటికీ నేరుగా మాట కలవకపోవడమే. ఐపీవీ6 మాత్రమే ఉన్న ఫోన్ ఐపీవీ4 మాత్రమే ఉన్న సైటును చేరాలంటే మధ్యలో అనువాదం చేసే యంత్రం కావాలి, ఆ యంత్రానికి ఐపీవీ4 అడ్రసు కావాలి. కొత్త సంస్థ ఎంత ముందుచూపుతో ఐపీవీ6 మీదే నెట్‌వర్కు కట్టుకున్నా గుప్పెడు పాత అడ్రసులు లేనిదే దాని చందాదారులకు సగం ఇంటర్నెట్ అందదు. చివరి వాటా అసలు ఉద్దేశం ఇదే.

గూగుల్‌ను చేరేవారిలో ఇప్పుడు దాదాపు సగం మంది ఐపీవీ6 మీదుగా వస్తున్నారు. పెద్ద వీడియో సైట్లు, సోషల్ మీడియా వేదికలు ఎప్పుడో మారాయి. వాటి ట్రాఫిక్ అనువాద యంత్రాన్ని తాకకుండా నేరుగా వెళ్తుంది. అలా వెళ్లే ప్రతి కనెక్షన్‌తో ఒక పోర్టు ఖాళీగా మిగులుతుంది. ఒక ఇంటి ట్రాఫిక్‌లో సగం కనెక్షన్లు ఐపీవీ6కు మారితే వెయ్యి పోర్టులు కావలసిన చోట 500 చాలు. అప్పుడు ఒక్కో అడ్రసు 64 బదులు 128 ఇళ్లను మోస్తుంది, 256 అడ్రసుల వాటా 32,768 ఇళ్లకు సరిపోతుంది. వెయిటింగ్ లిస్టులో ఏళ్లు గడిపి ఆ ఒక్క బ్లాకు అందుకునే సంస్థకు, దాంతో ఎన్ని ఇళ్లకు కనెక్షన్ ఇవ్వగలదన్నది మిగతా ప్రపంచం ఐపీవీ6కు ఎంత వేగంగా మారుతుందన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది.